పక్కవాళ్ళ కుక్కలు మంద మీద పడకుండా: సీమ జీవాల కాపరులకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో తెల్లారి చూసేసరికి రొప్పంలో (గొర్రెల దొడ్డిలో) జీవాలు చచ్చిపడి ఉంటే మొదట తోడేలు మీదికే పోతుంది మనసు. చాలాసార్లు ఆ పని చేసేది ఊళ్ళో కుక్కలే. పగలు యజమాని అరుగు మీద బుద్ధిగా పడుకునే కుక్కే రాత్రి ఇంకో రెండింటితో కలిస్తే వేరే జంతువైపోతుంది. దాన్ని నడిపేది ఆకలి కన్నా తరుముడు సరదా. గొర్రె పరిగెత్తేకొద్దీ దానికి ఉత్సాహం పెరుగుతుంది, ఒకటి పడిపోగానే వదిలేసి ఇంకోదాని వెంట పడుతుంది. తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోయే సమయంలో మూడు కుక్కలు పది జీవాలను చీరేసి, ఒక్కదాన్నీ తినకుండా వెళ్ళిపోతాయి. ఒకసారి ఆ రుచి మరిగిన కుక్క మళ్ళీ వస్తుంది. అందుకే అసలు పని మొదటి కాటుకు ముందే చేయాలి.

ముందు ఎవరి పనో తేల్చుకోండి

కుక్క పనైతే మాట్లాడాల్సింది దాని యజమానితో. తోడేలో చిరుతో అయితే అటవీ శాఖకు చెప్పాలి, పరిహారం దరఖాస్తు కూడా అక్కడే. తప్పు మనిషి మీద నింద వేస్తే ఊళ్ళో మీ మాటకు విలువ పోతుంది కాబట్టి గాయాలను నిదానంగా చూడండి.

కుక్క కాట్లు వెనక కాళ్ళ మీద, తొడల మీద, తోక దగ్గర, చెవుల మీద ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. చర్మం చీలికలు పీలికలుగా ఉంటుంది, ఉన్ని తునకలు రొప్పమంతా చెదిరి కనిపిస్తాయి. చాలా జీవాలకు గాయాలుంటాయి, తిన్నది మాత్రం కొంచెమే. తోడేలు గొంతు పట్టుకుంటుంది, ఒకటో రెండో చంపుతుంది, దూరంగా ఈడ్చుకుపోయి తింటుంది. చిరుత కూడా గొంతే పడుతుంది, కానీ దాని అడుగులో గోళ్ళ గుర్తు పడదు. నక్క పెద్ద గొర్రె జోలికి సాధారణంగా రాదు, పసిపిల్లలనే ఎత్తుకుపోతుంది. కుక్క అడుగుకూ తోడేలు అడుగుకూ తేడా పట్టడం కష్టం. అడుగులను మాత్రమే నమ్మకుండా గాయం చోటు, తిన్న తీరు కలిపి చూడండి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు చుట్టుపక్కల, అనంతపురం మెట్ట భూముల్లో తోడేళ్ళు నిజంగానే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తోడేలుకు అత్యున్నత రక్షణ ఉంది. ఊళ్ళో కుక్క చేసిన పనికి తోడేలును చంపితే జైలు మీకే.

రొప్పం చుట్టూ మూరెడు వెడల్పున మన్ను జల్లెడ పట్టి సన్నగా పరిచి, సాయంత్రం చీపురుతో నున్నగా చేసి పెట్టుకుంటే ఎవరు వచ్చి పోయారో, ఎటునుంచి వచ్చారో తెల్లారి తెలుస్తుంది. ఏ మూల నుంచి వస్తున్నాయో తెలిస్తే కంచె ఖర్చు సగం తగ్గుతుంది.

యజమానితో మాట

కుక్క రొప్పం చుట్టూ తిరగడం కనిపించిన రోజే పోయి మాట్లాడండి. పోట్లాటకు పోయినట్టు నలుగురిని వెంటేసుకొని పోవద్దు, తెలిసిన పెద్దమనిషి ఒక్కరు చాలు. పొద్దున్నే, ఆయన పనిలోకి పోకముందు వెళ్ళండి. ఇలా అనవచ్చు:

“అన్నా, రెండు దినాల నుంచి మీ ఎర్రకుక్క రాత్రిపూట మా రొప్పం కాడికి వస్తాండాది. ఇంకా ఏమీ కాలేదు. అయినాక నీకూ నాకూ మాట పడద్దు. చీకటి పడితే కట్టేయన్నా.”

ఆయన “మా కుక్క అట్లాంటిది కాదప్పా” అంటాడు. నిజంగానే నమ్ముతూ అంటాడు, ఎందుకంటే ఇంట్లో అది అలాంటిది కాదు. వాదించకుండా ఫోన్లో తీసిన ఫొటో చూపించండి. తర్వాత అదే మాట మర్యాదగా వాట్సాప్‌లో కూడా పంపండి. ఈ సందేశం రేపు చాలా పనికొస్తుంది: కుక్క సంగతి ఆయనకు ముందే తెలుసని చూపించే రుజువు అదే.

కట్టేయమంటే సరిపోదు, ఎలా కట్టాలో కూడా చెప్పండి. మూరెడు గొలుసుతో గుంజకు కట్టిన కుక్క రాత్రంతా మొరుగుతుంది, రెండో రోజుకే ఇంట్లోవాళ్ళు విసిగి విప్పేస్తారు. రెండు గుంజల మధ్య 25 అడుగుల జీఐ (జింకు పూత ఇనుప) తీగ లాగి, దాని మీద జారే ఇనుప రింగుకు 6 అడుగుల గొలుసు తగిలిస్తే కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, ఇంటికి కాపలా కూడా పోదు. గొలుసు గుంజకు చుట్టుకోకుండా తీగ రెండు చివర్లా కుక్క గుంజను అందుకోలేనంత ముందే ముడి వేయాలి. నీడ, నీళ్ళ తొట్టి గొలుసు అందేంత దూరంలో ఉండాలి. కుక్కను కట్టేయాల్సిన వేళ చీకటి పడినప్పటి నుంచి పొద్దున 6 వరకు. తెల్లవారుజామున “కాస్త తిరిగొస్తుందిలే” అని విప్పే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. గట్టిగా ఆపాల్సింది ఆ అలవాటునే.

రొప్పం: అసలు పని ఇక్కడ

కుక్క కంచె దూకుతుందని అందరూ ఎత్తు మీద డబ్బు పెడతారు. కుక్క ముందుగా వెతికేది కింద సందు. నేలకూ జాలీకీ మధ్య నాలుగు వేళ్ళ సందు దొరికితే చాలు, పది నిమిషాల్లో తవ్వి దూరుతుంది. కాబట్టి పని అడుగు నుంచి మొదలుపెట్టండి.

50 గొర్రెలకు లెక్క ఇది. ఒక పెద్ద గొర్రెకు 12 చదరపు అడుగుల చొప్పున 600 చదరపు అడుగులు, అంటే 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. చుట్టుకొలత 100 అడుగులు. 8 అడుగులకొక రాతి కూసం (స్తంభం) పెడితే 13, గేటుకు ఒకటి అదనం, మొత్తం 14. రెండంగుళాల కన్ను ఉన్న డైమండ్ జాలీ 5 అడుగుల ఎత్తుది 100 అడుగులు. దాని పైన ముళ్ళతీగ రెండు వరుసలు లాగితే మొత్తం 6 అడుగుల ఎత్తు వస్తుంది. అందుకే కూసం నేల పైన 6 అడుగులు ఉండేలా కొనాలి.

కంచె కింది సందు మూయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, జాలీని అడుగు లోతు పూడ్చడం. అనంతపురం ఎర్రనేలల్లో కింద గరుసు తగిలితే గడ్డపారతో కూడా దిగదు, కూలి ఖర్చు తడిసి మోపెడవుతుంది. రెండోది తేలిక: రెండడుగుల వెడల్పు జాలీ పట్టీని కంచె బయటివైపు నేల మీద పరిచి, లోపలి అంచును కంచె జాలీకి బైండింగ్ తీగతో అడుగుకొక ముడి చొప్పున బిగించి, పైన బండలు పేర్చడం. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. గోళ్ళు జాలీకి తగిలి విడిచిపెడుతుంది.

కడప బండలో బేతంచెర్ల బండలో చవకగా దొరికే ఊళ్ళలో ఇంకా మంచి మార్గం ఉంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండలను నిలువుగా అడుగు లోతు పాతి పక్కపక్కనే నిలబెట్టండి. వంద అడుగులకు 50 బండలు కావాలి, గేటు చోటు తీస్తే 48. నేల పైన మూడడుగుల రాతిగోడ వస్తుంది, దాని పైన జాలీ మూడడుగులదే చాలు. పాలిషింగ్ యూనిట్ల దగ్గర అంచులు విరిగిన బండలు తక్కువ ధరకు ఇస్తారు, మన పనికి అవి చాలు. రాయికి ఇంకో లాభం ఉంది: కుక్కకు లోపలి జీవాలు కనబడవు, జీవాలకు బయటి కుక్క కనబడదు. బెదురు సగం తగ్గుతుంది.

పని ఎక్కడ చెడుతుందంటే:

- నంద్యాల, కర్నూలు వైపు నల్లరేగడిలో ఎండాకాలం నేల పగుళ్ళిస్తుంది, వానకు ఉబ్బుతుంది. రెండడుగుల లోతు పాతిన కూసాలు ఏడాదికల్లా ఒరుగుతాయి. మూడడుగులు పాతి, గుంతలో మన్ను కాకుండా గరుసు, కంకర వేసి దిమ్మిస కొట్టాలి. ఎర్రనేలలో రెండడుగులు చాలు.
- గేటు కింద సందు. నాలుగడుగుల గేటు కింద గడపలాగా ఒక బండ పరచండి. గేటుకూ బండకూ మధ్య రెండంగుళాలకు మించి వదలద్దు. గొళ్ళెం పైనొకటి, కిందొకటి ఉండాలి. ఒకటే ఉంటే కుక్క నెట్టినప్పుడు కింద మూల విచ్చుకుంటుంది.
- మూలలు. ఇది చాలామందికి తట్టని విషయం. కుక్క లోపలికి రాకపోయినా, బయట తిరిగితేనే గొర్రెలు భయపడి ఒక మూలలోకి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి, ఒంటి మీద ఒక్క కాటూ ఉండదు. నాలుగు మూలల్లోనూ లోపలివైపు అడ్డంగా బండ పెట్టి మూలను చెరిపేయండి.
- కంచె పక్కన పేడకుప్ప, వామి, రాళ్ళగుట్ట. కుక్కకు అదే మెట్టు. ఆరడుగుల దూరం ఖాళీగా ఉంచండి.

జాలీకి డబ్బు లేకపోతే సర్కారు తుమ్మ కంప ఉంది. మొదళ్ళు లోపలికి, ముళ్ళ కొనలు బయటికి ఉండేలా నాలుగడుగుల మందం వేసి, పైన రాళ్ళు పెట్టి అణచాలి. తిరగేసి వేస్తే కుక్క మొదలు పట్టుకొని కొమ్మను లాగేస్తుంది. కంప ఎండేకొద్దీ కుంగుతుంది, చెదలు పడుతుంది. రెండు మూడు నెలలకోసారి పైన కొత్త కంప వేయకపోతే కంచె ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఉండదు. ఎండాకాలంలో ఎండుకంపకు నిప్పు భయం ఉంటుంది కాబట్టి వామిని దూరంగా పెట్టండి.

చేలల్లో మంద కట్టినప్పుడు

ఎరువు కోసం చేలో మంద తోలినప్పుడు నైలాన్ వలే దిక్కు. నాలుగడుగుల వల గాలికి ఊగుతూ అడుగున లేస్తుంది. మూడడుగులకొక మేకు కొట్టి, వల అడుగు అరమూరెడు బయటికి మడిచి దాని మీద రాళ్ళు పెట్టండి. ఊరికి దగ్గరి చేలో పడుకోబెట్టే రాత్రి వలకు మూడడుగుల బయట కంప వలయం కూడా వేయండి. పసిపిల్లలను వెదురు గంపల కింద మూసినప్పుడు గంప మీద ఐదారు కిలోల రాయి ఉండాలి, లేకపోతే కుక్క మూతితో ఎత్తి దొర్లించేస్తుంది. గంపలు మంద మధ్యలో ఉండాలి, అంచున కాదు.

కాపలా కుక్క మీద ఆశ పెట్టుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పెద్దదాన్ని కొని మందలో వదిలితే అదే గొర్రెలను తరుముతుంది. రెండు నెలల పిల్లను తెచ్చి, నాలుగో నెల నిండేదాకా రాత్రీ పగలూ జీవాల మధ్యే పెంచాలి. మెడకు మేకుల పట్టీ కట్టాలి, గొంతు పట్టుకునే శత్రువుకు అదే అడ్డు. మూడు నాలుగు కుక్కల గుంపు ముందు ఒక్క కుక్క నిలవదు, రెండు ఉండాలి.

లైట్లు, టపాసులు, డబ్బాల చప్పుడు కొన్నాళ్ళే పనిచేస్తాయి. కదలికకు వెలిగే సోలార్ లైటు పెట్టినా వారానికోసారి చోటు మార్చండి, లేకపోతే కుక్కలు దాన్ని పట్టించుకోవు.

సోలార్ కంచె

పెద్ద మంద, శాశ్వతమైన చోటు ఉంటే జాలీ బయట సోలార్ కంచె మంచిదే. కుక్కల కోసమైతే తీగలు నేల నుంచి 6, 12, 20, 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. దుప్పుల కోసం వేసిన కంచెలో కింది తీగ ఎత్తుగా ఉంటుంది, కుక్క దాని కిందుగా పోతుంది. మన సీమలో వచ్చే పెద్ద చిక్కు ఎర్తింగ్. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నేల ఎండి కరెంటు తిరిగి పారదు, తీగ ముట్టుకున్నా కుక్కకు ఏమీ కాదు. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో, బొగ్గు, ఉప్పు వేసి పాతి, వారానికి ఒక బిందె నీళ్ళు పోయండి. అంతకన్నా గట్టి ఏర్పాటు: ఒక తీగకు కరెంటు, పక్క తీగకు ఎర్తు, ఇలా మార్చి మార్చి వేయడం. అప్పుడు నేల ఎండినా రెండు తీగలు తాకితే షాక్ తగులుతుంది. వోల్టు మీటరుతో కంచె చివరి కొస దగ్గర చూడండి, 4,000 వోల్టుల కన్నా తగ్గితే గడ్డి తగులుతోందనో ముడి వదులైందనో అర్థం.

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలున్న ఎనర్జైజర్ (కంచెకు కరెంటు పంపే పెట్టె) సెకనుకొకసారి క్షణకాలం మాత్రమే కరెంటు వదులుతుంది, అందుకే ప్రాణం పోదు. మోటారు లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. రాత్రి నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషి పోతే మీ మీద పడేది మనిషిని చంపిన కేసు.

కుక్క పడిన రాత్రి

కర్ర, టార్చి తీసుకొని అరుస్తూ పోండి. కుక్కకూ గొర్రెకూ మధ్యలోకి చేతులు పెట్టద్దు. పట్టు వదలకపోతే ముఖాన నీళ్ళు కొట్టండి. కుక్కలు పోయే దారి గేటు వైపు తెరిచి ఉంచండి, మూసేస్తే లోపలే చిక్కుకొని ఇంకా చీరతాయి. వీలైతే పోతున్నవాటి వీడియో తీయండి.

జీవాలను వెంటనే కదిలించకండి. తరిమిన గొర్రె గుండె అదురుతూ, ఒళ్ళు కాలుతూ ఉంటుంది, కాటు లేనిది కూడా మరుసటి రోజు చనిపోవచ్చు. నీడ, నీళ్ళు ఇచ్చి వదిలేయండి, ఆ రోజు దాణా పెట్టకండి. తర్వాత 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి కూడా చెప్పండి.

గాయం చూసేటప్పుడు చేతులకు గ్లౌజులు ఉండాలి. ఉన్ని కత్తిరించి చూడాలి, పైకి రెండు చిన్న రంధ్రాలే కనిపించినా లోపల కండ చితికి ఉంటుంది. సబ్బు నీళ్ళతో ధారగా 15 నిమిషాలు కడిగి, పోవిడోన్ అయోడిన్ పూయండి. పసుపు, సున్నం, బూడిద నింపకండి. డాక్టరు చెప్పకుండా కుట్లు వేయించకండి, మూసిన కాటులో చీము పడుతుంది. చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు వాలవు. మూడు రోజులు పొద్దున, సాయంత్రం విప్పి చూడండి, పురుగు పడేది అప్పుడే.

రేబిస్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కాటు తిన్న జీవాలకు 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. మొదటి డోసు ఎంత తొందరగా పడితే అంత మంచిది. కరిచిన కుక్క ఇంట్లోదైతే 10 రోజులు కట్టి గమనించమనండి. మీకు గీత పడినా, పుండు మీద చొంగ తగిలినా వెంటనే సబ్బుతో కడుక్కొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. టీకా అక్కడ ఉచితం, అన్ని డోసులూ పూర్తి చేయాలి. కాటు తిన్న జీవాలను విడిగా కట్టండి, వాటిని సంతకు తోలద్దు, కోయద్దు. గొంతు బొంగురుపోయి అరుస్తున్నా, చొంగ కారుస్తున్నా, మింగలేకపోతున్నా “గొంతులో ఏదో ఇరుక్కుంది” అని నోట్లో చెయ్యి పెట్టకండి.

పరిహారం

చచ్చినవాటిని పడినచోటే ఉంచి, చెవి ట్యాగు కనిపించేలా, గాయం పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటోలు తీయండి. పశువైద్యాధికారి చేత పోస్టుమార్టం చేయించి నివేదిక తీసుకోండి. బీమా ఉంటే కంపెనీకి ఆ రోజే చెప్పండి, ట్యాగు కోయకండి. జాతీయ పశుసంపద మిషన్ బీమాలో 2024లో రైతు వాటా ప్రీమియంలో 15 శాతానికి తగ్గింది. దీన్ని ఇంకా వాడుకోనివాళ్ళు వాడుకోవాలి.

పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు చచ్చినవాటి ధర ఒక్కటే అడిగి లేచి రాకండి. మందులు, టీకాలు, బెదురుకు ఈసుకుపోయిన (కడుపు పోయిన) చూడి గొర్రెలు కూడా లెక్కలో ఉండాలి. ఈసుకుపోవడం రెండు మూడు వారాల దాకా జరుగుతూనే ఉంటుంది. కాబట్టి రాతకోతల్లో “నెల లోపు జరిగే నష్టం కూడా” అన్న మాట రాయించండి. తెగకపోతే మండల న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి రావచ్చు. ఫీజు లేదు, అక్కడి తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ మనుషులకు ప్రమాదం కలిగేలా జంతువును వదిలేసిన యజమాని మీద వర్తిస్తుంది: 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాపరి మీద కూడా కుక్క పడి ఉంటే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

కోపంలో పురుగుమందు గుళికలు కలిపిన మాంసం పెట్టాలనిపిస్తుంది. ఆ కోపం అర్థమవుతుంది, కానీ వద్దు. జంతువును విషం పెట్టి చంపితే అదే సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ళ దాకా శిక్ష పడుతుంది, మీరు అడగాల్సిన పరిహారం కాస్తా మీరు కట్టాల్సింది అవుతుంది. ఆ ముక్క మీ సొంత కుక్క తినవచ్చు, పక్కింటి పిల్లాడి చేతికీ దొరకవచ్చు.

ఊరంతా కలిసి చేయాల్సినవి

చచ్చిన గొర్రెను వంకలో పడేసే అలవాటు పోతే తప్ప కుక్కల బెడద పోదు. కుక్కలకు గొర్రె మాంసం రుచి అక్కడే తగులుతుంది. గొర్రె తలకాయ తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరిగి, దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడి, అది మేసిన గొర్రె మెదడులో నీటితిత్తి కడుతుంది. ఒకేవైపు గిరగిరా తిరిగి చచ్చే జబ్బు అలా వస్తుంది. ఆరడుగుల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చి, పైన కంప వేయండి. కోళ్ళ దుకాణాల వ్యర్థాలకూ గుంత ఒక్కటే దారి. ఊళ్ళో కుక్కలన్నింటికీ మూడు నెలలకోసారి బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, పశువైద్యుడి సలహాతో వేయించాలి.

యజమాని లేని కుక్కలను పట్టి పక్క ఊరి పొలిమేరలో వదిలితే ఆకలితో గుంపు కట్టి మందల మీదే పడతాయి. పైగా 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి పట్టిన చోటే వదలాలి, ఆ బాధ్యత స్థానిక సంస్థది. గ్రామసభలో లిఖితంగా అడిగి తీర్మానం చేయించండి. ఏటా జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం నాడు పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఆ రోజుకు వారం ముందే యజమానుల ఇళ్ళకు పోయి పిలవండి, కావాలంటే కుక్కలను తీసుకుపోవడానికి మీ ట్రాలీ ఆటోనే పెట్టండి. మెడపట్టీ మీద యజమాని ఫోన్ నంబరు రాయించే పని కూడా ఆ రోజే పూర్తి చేయవచ్చు.